ఇసబెల్ కెర్

రోగములు రెండు విధములు. కొన్ని అతిథులవలె వచ్చి నాలుగు దినములుండి పోవును. పడిసెము, చలిజ్వరము అట్టివి. మరికొన్ని ఇంటిలో కాపురము పెట్టును. అవి ఏండ్ల తరబడి వదలక రోగి బలమును, ఆతని కూలిని, ఇంటివారి నెమ్మదిని, తుదకు ఊరిలో ఆతనికి గల గౌరవమును కూడ హరించును. మొదటి తెగ రోగములకు వైద్యుడును మందును చాలును. రెండవ తెగ రోగములకు అవి మాత్రమే చాలవు. మందుతోపాటు మంచి ఆహారము, నిలువ నీడ, చేతికి పని, తోడివారి ఆదరము కావలెను. వీనిలో ఏ ఒక్కటి కొరవడినను తక్కినవి నిష్ఫలమగును. ఈ సత్యమును గ్రహించి తెలుగునేలపై ఆచరించి చూపిన వైద్యులలో డాక్టరు ఇసబెల్ కెర్ ముఖ్యురాలు. ఆమె ఎదుర్కొన్న వ్యాధి కుష్ఠు.

నూరేండ్లకు పూర్వము ఆ వ్యాధి పేరెత్తుటకును జనులు జంకెడివారు. పల్లెలలో దానిని పెద్దరోగమనెడివారు. అది పూర్వజన్మ పాపఫలమని కొందరును, వంశమున దిగివచ్చునదని కొందరును, తాకినంతనే అంటుకొనునని అందరును నమ్మిరి. మొదటి రెండు నమ్మకములును అసత్యములు. మూడవదియు చాలవరకు పొరపాటే. కుష్ఠునకు కారణము కంటికి కానరాని ఒక సూక్ష్మక్రిమి. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దానిని 1873లో కనుగొనెను. అది మిక్కిలి మందముగా పెరుగునట్టిది. చికిత్స పొందని రోగితో చాలకాలము దగ్గరగా మెలగినవారికే అది సోకును. సోకినను పెక్కుమందిలో శరీరమునకు గల సహజశక్తియే దానిని అణచివేయును.

ఈ వ్యాధి వచ్చు తీరు విచిత్రము. మొదట చర్మముపై రంగు తగ్గిన మచ్చ యొకటి కనబడును. అది దురద పెట్టదు, నొప్పి కలిగింపదు. దానిపై గిల్లినను తెలియదు. బాధ లేదు గదా యని రోగి ఊరకుండును. అచటనే అపాయమున్నది. లోపల క్రిమి నరములను చెరుపుచుండును. కొంతకాలమునకు కాలిలో ముల్లు విరిగినను రోగి ఎరుగడు. కాగిన గిన్నెను పట్టుకొని చేయి కాలినను ఎరుగడు. పుండ్లు పడి, మానక, ముదిరి, వ్రేళ్ళు కురుచలగును. కొందరికి కనురెప్పలు మూతపడక చూపు చెడును. నొప్పి మనకు శత్రువని తలతుము కాని, అది దేహమును కాచు కావలివాడు. ఆ కావలివానిని చంపుటయే కుష్ఠు చేయు కీడు.

దేహమునకు కలుగు కీడు ఇది. సంఘము చేయు కీడు దీనికంటె తక్కువది కాదు. వ్యాధి బయటపడినంతనే రోగిని ఇల్లు, ఊరు కూడ దూరముచేసెడివి. కూలి దొరకదు. బావి కడకు రానీయరు. తుదకు ఆతడు తిరిపెమెత్తుకొని దారిప్రక్కల బ్రతుకవలసి వచ్చెడిది. నిరుపేద కుష్ఠురోగులను పట్టి నిర్బంధించుటకు బ్రిటిషు ఇండియాలో 1898లో ఒక చట్టము కూడ చేయబడెను. ఇట్టి దినములలో ఒక స్త్రీ, అందును పరదేశస్థురాలు, ఆ రోగుల సేవకు పూనుకొనెను.

ఇసబెల్ 1875వ సంవత్సరము మే నెల 30వ తేదీన స్కాట్లండు దేశములో జన్మించెను. ఆ దేశపు ఈశాన్య భాగమున, సముద్రతీరమునకు చేరువగా, బాన్ఫ్‌షైర్ అను మండలము కలదు. అందలి ఎంజీ ప్రాంతమున ఆమె తండ్రి వ్యవసాయము చేయుచుండెను. ఆమె బాల్యమున స్కాట్లండు విశ్వవిద్యాలయములు స్త్రీలకు పట్టములొసగెడివి కావు. 1892లో ఆ తలుపులు తెరువబడెను. అట్లు తెరచుకొనిన తలుపుగుండ లోనికి నడచిన తొలితరము యువతులలో ఇసబెల్ ఒకతె. అబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము చదివి ఆమె 1903లో పట్టము పొందెను.

ఆ యేడే ఆమెకు జార్జి మెక్‌గ్లాషన్ కెర్‌తో వివాహమయ్యెను. ఆయన మొదట వడ్రంగపు పని నేర్చినవాడు; పిదప మెథడిస్టు క్రైస్తవ శాఖకు చెందిన బోధకుడై ఆఫ్రికా ఖండములోని దక్షిణ రొడీషియాలో పనిచేసినవాడు. ఆ దేశమునకు నేడు జింబాబ్వే అని పేరు. కొన్ని యేండ్లు ఇంగ్లండులో గడపిన పిమ్మట ఈ దంపతులు 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. ఒకరికి వైద్యము తెలియును. ఒకరికి ఉలియు సుత్తెయు పట్టుట తెలియును. మున్ముందు ఈ రెండు విద్యలును ఒకే కార్యమునకు అక్కరకు వచ్చెను.

వారు నివాస మేర్పరచుకొనిన నిజామాబాదు నేడు తెలంగాణ రాష్ట్రములోని జిల్లా కేంద్రము. పూర్వము దానికి ఇందూరని పేరు. ఆ జిల్లాకు ఉత్తరపు టెల్లగా గోదావరి ప్రవహించును. అచటి మిషను వైద్యశాలలో ఇసబెల్ రోగులను చూచుచుండగా కుష్ఠురోగులు పలువురు ఆమె కంటబడిరి. పరిసరముల వారికి చికిత్స చేయు చోటు ఎచటను లేదు. సామాన్య రోగుల నడుమ వారినుంచిన తక్కినవారు భయపడి రాకపోవుదురు. పొమ్మనిన వారికి పోవుటకు వేరొక చోటు లేదు. ఇది ఏ వైద్యునికైనను ధర్మసంకటమే. ఇసబెల్ వారిని పొమ్మనలేదు. 1911లో ఆమెయు భర్తయు వారికొరకై ప్రత్యేకముగ ఒక చికిత్సాకేంద్రమును తెరచిరి.

అది చిన్న యేర్పాటు. ఆదరించువారు కలరన్న మాట వినబడినంతనే రోగులు నానా దిక్కులనుండి రాజొచ్చిరి. వచ్చువారు హెచ్చిరి, స్థలము చాలదయ్యెను. పెద్ద వైద్యశాల కట్టవలెనన్న ధనము కావలెను. అప్పుడు ఆదుకొనిన దాత రాజా నర్సాగౌడ్. ఆయన ఆ ప్రాంతమున పేరుగాంచిన ధనికుడు, ధర్మాత్ముడైన హిందువు. ఆయన ఇచ్చిన గొప్ప విరాళము వలననే కార్యము సాగెను. నిజామాబాదునుండి సికింద్రాబాదునకు పోవు రైలుమార్గములో, నిజామాబాదునకు ఇంచుమించు 15 కిలోమీటర్ల దూరమున, డిచ్‌పల్లి అను గ్రామమున్నది. ప్రాచీనమైన రామాలయముతో ప్రసిద్ధిగన్న ఊరది. అచట 1915లో కుష్ఠు వైద్యశాల తెరువబడెను. దానికి విక్టోరియా రాణి పేరు పెట్టిరి. పనిచేయువారు క్రైస్తవులు, ధనమిచ్చినవాడు హిందువు, రాజ్యము ముస్లిము ప్రభువుది. లోనికి వచ్చు రోగులు అన్ని మతములవారు. వ్యాధికి మతభేదము లేదు గనుక దానితో పోరాడువారికిని ఆ భేదము అడ్డు కాలేదు.

ఇక చికిత్స సంగతి. కుష్ఠునకు మన దేశమున అనాదిగా వాడుచున్న ఔషధమొకటి కలదు. అది తువరకమను చెట్టు గింజలనుండి తీసిన నూనె. సుశ్రుతసంహితలో దీని ప్రస్తావన యున్నది. ఆ చెట్టు పడమటి కనుమల అడవులలో పెరుగును. దాని గింజలను తెలుగున అడవి బాదమందురు. నూనెలో గుణమున్నది కాని నోట త్రాగిన వాంతి యగును. అందుచే రోగులు చాలకాలము దానిని పుచ్చుకొనలేకపోయెడివారు. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఆయన పిమ్మట ఎర్నెస్టు మ్యూర్ అను వైద్యులు ఈ తైలమును శుద్ధిచేసి సూదిమందుగా ఇచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టి అందు ఆరితేరెను.

కాని ఈ చికిత్స సులభమైనది కాదు. సూదిమందు ఒకటి రెండు మారులతో ముగియునది కాదు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, తప్పక వేయించుకొనుచుండవలెను. సూది గ్రుచ్చినచోట వాపును నొప్పియు కలుగును. పైగా దాని ఫలము వ్యాధి తొలిదశలో నున్నవారికే హెచ్చు. చచ్చిన నరమును అది బ్రతికింపలేదు. పోయిన వ్రేళ్ళను తెచ్చి ఈయలేదు. మ్యూర్ మరియొక సంగతిని గూడ గట్టిగ చెప్పెను. రోగికి కడుపునిండ తగిన ఆహారము, దేహమునకు వ్యాయామము లేనిచో, రోగికి గల ఇతర వ్యాధులను గూడ కుదుర్పనిచో, తైలమొక్కటి పనిచేయదని ఆయన సిద్ధాంతము.

ఆలోచించి చూచినచో దీనినుండి ఒకదాని వెంట నొకటి పెక్కు పనులు పుట్టును. చికిత్స ఏండ్ల తరబడి సాగవలెనన్న రోగి అన్నాళ్ళును నిలిచియుండుటకు ఇల్లు కావలెను. నిలిచియున్నంతకాలము భుక్తి కావలెను. భుక్తి ఊరక పెట్టినచో వాడు పరాన్నజీవి యగును. దేహము సోమరియై రోగము ముదురును. కావున వానికి పని కావలెను. చేతులలో స్పర్శ లేనివాడు పనిచేసిన గాయములగును. కావున వానికి జాగ్రత్త నేర్పువారును, దినదినము పుండ్లు కడిగి కట్టు కట్టువారును కావలెను. ఇన్నియు చేయగా వ్యాధి తగ్గినచో, వాడు తిరిగి ఊరు చేరుటకు ఊరు వానిని రానీయవలెను. ఇందు ఏ మెట్టు విరిగినను పైమెట్టునకు పోలేము.

డిచ్‌పల్లి ఈ మెట్లపైననే పెరిగెను. అది మంచములు వరుసగా వేసిన ఆసుపత్రిగా మాత్రము మిగులక, నివాసములును చెట్లును గల చిన్న గ్రామమువలె నేర్పడెను. ఒంట్లో సత్తువ గల రోగులు తోటపని, పొలముపని, కట్టడపు పని మొదలగువానిలో తమకు చేతనైనది చేసెడివారు. వడ్రంగము నేర్చిన జార్జి కెర్‌కు కట్టడముల వ్యవహారము క్రొత్త కాదు. ఆలనాపాలనల భారము ఆయన వహింపగా, చికిత్స భారమును ఇసబెల్ వహించెను. నిన్నటివరకు తిరిపెమెత్తినవాడు ఇచట తన చేతులతో ఒక గోడ లేపెను. ఒక పాదు పెంచెను. తాను నలుగురికి పనికివచ్చువాడనను తలపు వానికి మరల కలిగెను. ఆ తలపునకు ఔషధములలో వెల కట్టలేము.

ఐనను ఒక గండము మిగిలియుండెను. తైలము తొలిదశలోనే బాగుగ పనిచేయును. తొలిదశలో నున్న రోగి ఆసుపత్రికి రాడు. ఏల రాడు? అచటికి పోయిన తన రోగము పదిమందికి తెలియును, తెలిసినచో వెలివేయుదురు. కావున మచ్చను బట్టల చాటున దాచును. దాచలేని దినమున వచ్చును. అప్పటికి వైద్యము చేయి దాటిపోవును. ఈ విధముగ రోగిని చెరుపునది క్రిమి ఒక్కటియే కాదు. ఊరివారి భయము కూడ. భయమునకు మందు సూదితో ఎక్కింపరానిది. అది తెలివిడి వలననే పోవలెను.

అందుచే ఇసబెల్ పని ఆసుపత్రి ఆవరణలో ఆగలేదు. కుష్ఠు నయము కాదగిన వ్యాధి యని, తొలి మచ్చ కనబడినపుడే రావలెనని, రోగిని తరిమివేయుట వలన ఊరికి కీడే కాని మేలు లేదని ఆమెయు ఆమె తోడివారును సంస్థానమున ప్రచారము చేసిరి. కుదిరి తిరిగి వెళ్ళిన రోగి ప్రతియొక్కడును ఆ ప్రచారమునకు సాక్షియయ్యెను. డిచ్‌పల్లికి పోయినవాడు చచ్చుటకు పోలేదు, బ్రతుకుటకు పోయెను అని కన్నులార చూచిన ఊరిలో, మరియొకడు తన మచ్చను దాచుకొనక చూపుటకు ధైర్యము వచ్చును. వైద్యశాల కీర్తి వ్యాపించి దూరప్రాంతముల రోగులును అచటికి రాసాగిరి. కుష్ఠురోగుల సేవకై 1874లో నెలకొల్పబడిన అంతర్జాతీయ సంస్థ, మిషన్ టు లెపర్స్ అనునది, ఈ పనికి చేయూత నొసగెను. 1923లో కెర్ దంపతులకు ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకము నొసగి గౌరవించెను.

ఇసబెల్ కెర్ 1932లో మరణించెను. తెలుగుదేశమునకు వచ్చినది మొదలు ఇంచుమించు పాతికేండ్లు ఆమె ఈ సేవలోనే గడపెను. భర్త ఆమె పనిని విడువక సాగించెను. ఆమె చేతిలోని తైలము కుష్ఠును పూర్తిగా జయించిన ఔషధము కాదు. దానితో నయమైనవారు కలరు. నయము కానివారును కలరు. ఇది ఆమె ఎరుగనిది కాదు. మందు సంపూర్ణముగ లేని దినములలో మిగిలిన అన్నిటిని సంపూర్ణముగ సమకూర్చుటకు పూనుకొనుటయే ఆమె గొప్పతనము.

మంచి మందులు పిమ్మట వచ్చినవి. 1940 తరువాతి దశాబ్దమున డాప్సోన్ అను మందు వాడుకలోనికి వచ్చెను. డిచ్‌పల్లిలో వైద్యుడుగా పనిచేసిన జాన్ లో అను ఆయన తరువాత ఆఫ్రికాలోని నైజీరియాలో పరిశోధనలు చేసి, ఆ మందును చవుకగా మాత్రల రూపమున ఈయవచ్చునని చూపినవారిలో ఒకడయ్యెను. కొంతకాలమునకు క్రిములు ఆ మందునకు లొంగక తిరుగబడెను. అంతట 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇచ్చు బహుళౌషధ చికిత్సను సూచించెను. వ్యాధి స్వల్పమైనచో 6 నెలలు, హెచ్చైనచో 12 నెలలు మందులు వాడిన కుష్ఠు కుదురును. మందులు మొదలుపెట్టిన కొలది కాలముననే రోగివలన ఇతరులకు సోకుట ఆగిపోవును. మన దేశమున 1983నుండి ఈ చికిత్స ఉచితముగా వ్యాపించెను. 2005 చివరకు దేశమున సగటున పదివేలమందికి ఒక్క రోగికంటె తక్కువయ్యెను. అయినను వ్యాధి అంతరింపలేదు. నేటికిని ప్రపంచములో ఏటేట బయటపడు క్రొత్త రోగులలో సగమునకు పైగా మన దేశమందే యున్నారు.

మందు మారినంత వేగముగా మనుష్యుల మనస్సు మారలేదు. చట్టములు కూడ మారలేదు. 1898 నాటి నిర్బంధ చట్టము 2016లో గాని రద్దు కాలేదు. భార్యకు గాని భర్తకు గాని కుష్ఠు ఉన్నదను కారణమున విడాకులు కోరవచ్చునను నిబంధన 2019 వరకు మన వివాహచట్టములలో నిలిచియుండెను. ఆరునెలలలో కుదురు వ్యాధికి సంసారమును విరుచు శిక్ష! ఇసబెల్ ఎదుర్కొనిన రెండు శత్రువులలో క్రిమికంటె భయమే మొండిదని దీనివలన తెలియుచున్నది.

ఆమె చూపిన మార్గము కుష్ఠునకు మాత్రమే చెందినది కాదు. గోదావరి డెల్టాలో బోదకాలు చిరకాలముగ నున్న వ్యాధి. దానికి మందు కనిపెట్టిన పరిశోధక బృందమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు 1947లో అమెరికాలో వెలువడెను. ఏలూరునకు తూర్పున కొల్లేటి చేరువనున్న గుండుగొలను వంటి ఒక గ్రామములో బోదకాలు గల వృద్ధుడున్నాడనుకొందము. మందు ఆతని రక్తములోని క్రిములను చంపును. కాని ఎప్పుడో వాచి గట్టిపడిన కాలిని అది పూర్వపు స్థితికి తేలేదు. దినదినము ఆ కాలిని సబ్బుతో కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడిచి, ఎత్తున ఉంచి, తగిన వ్యాయామము చేయించినచో జ్వరములు, పుండ్లు తగ్గును. ఆ పని చేయవలసినది ఇంటివారు. దోమలు పెరుగు మురుగునీటిని తీసివేయవలసినది ఊరివారు. వ్యాధి వ్యాపింపకుండ ప్రభుత్వము మందు పంచినపుడు, రోగము లేనివారును దానిని మ్రింగవలెను. వైద్యుడు, ఇల్లు, వీధి, ప్రభుత్వము నలుగురును చేయి కలిపినగాని ఆ ఒక్క కాలికి సుఖము లేదు. మధుమేహము, పక్షవాతము, క్షయ మొదలగు దీర్ఘవ్యాధులకును ఇదియే న్యాయము.

డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నాటిన వైద్యశాల ఆమె మరణానంతరమును నిలిచి తరతరముల రోగులకు ఆశ్రయమయ్యెను. ఆమెను తలచుకొనుట యనగా ఆ కట్టడమును చూచి చేతులు జోడించుట మాత్రమే కాదు. మన యింట, మన వీధిలో దీర్ఘరోగముతో బాధపడు వ్యక్తి యున్నచో వానిని దూరము చేయక దగ్గరకు తీయవలెను. వాని మందువేళను గుర్తుంచుకొనవలెను. వానికి చేతనైన పనిని వానిచేత చేయింపవలెను. నలుగురిలో వానికి పీట వేయవలెను. ఇందులకు వైద్యపట్టము అక్కరలేదు. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలును చేయగల వైద్యమిది.